లెక్క

బేతంచెర్ల దాటినాక, రైలు గేటుకు ఈ పక్క
నాపరాయి తీసి తీసి వదిలేసిన గనిలో
మూడు దినాలు సినిమా తీసినారు.

కథ చిన్నదే.
సచ్చిపోయినోడెవడో రాళ్ల కింద లెక్క దాచినాడు.
రెండు ముఠాలు దాన్ని వెతకల్ల.
దొరికేసరికి ఎవరూ మిగలగూడదు.

రెండు ముఠాలన్నారు గానీ
మనుషులం ఎనిమిది మందిమే,
పాలిష్ ఫ్యాక్టరీకి కరెంటు కోత గాబట్టి
ఖాళీగా దొరికినోళ్లం.
పొద్దున ఎర్ర టవాలు కట్టుకోని తరుముకుంటా పోయినాం,
మధ్యాన్నం పచ్చ టవాలు కట్టుకోని
అదే దారిలో పారిపోయినాం.
పదకొండు గంటలకు నేనెత్తిన కొడవలి
రెండున్నరకు నా మెడ మీదనే పడింది.
అట్టకు వెండి కాగితం అంటించిన కొడవలి.
చెమటకు మెత్తబడి
కింద పడినా చప్పుడు కాలేదు.

దర్శకుడు లోకనాథ్‌ది డోన్.
ఎకరా పది సెంట్లు అమ్మి కెమెరా బాడుగకు తెచ్చినాడు.
విలన్ సుంకన్న ఆర్టీసీలో కండక్టరు చేసి దిగినాయన,
‘యాక్షన్’ అంటే
‘రైట్ రైట్’ అనందే అడుగెయ్యడు.
సుమో ఒకటే. నూకితేగానీ కదలదు.
నాలుక్కల్లా అది బడిపిల్లోళ్లను దింపను పోవల్ల,
అందుకే మా సినిమాలో పగలన్నీ
మూడున్నరకే తీరిపోతాయి.

“సీమంటే ఇంగేం లేదా సార్, కత్తులేనా?” అన్నా.
తల గోక్కున్నాడు.
“నాకూ టమాటా ధర మీద తీయల్లనే ఉంది మద్దిలేటీ,
ఎవరు కొంటారు?”

బ్యాగు నిండా జిరాక్సు నోట్లు,
ఒక పక్కే అచ్చు, వెనక తెలుపు.
క్లోజప్పులో పైనొక్కటన్నా నిజం నోటుండల్ల.
అందరూ జేబులు తడుముకున్నారు.
టీ అంగడి హుస్సేనమ్మ
గ్యాసు బండకని గల్లాలో దాచిన ఐదువందలు
పది నిమిషాలని చెప్పి అడిగి తెచ్చినారు.

చివరి షాటు. జిప్పు తీసినారు.
గనిలో గాలి సంగతి డోనోళ్లకేం తెలుసు,
అడుగు నుంచి లేస్తాది, రాతిపొడితో సహా.
తూర్పారబట్టిన పొట్టు మాదిరి
లెక్కంతా లేచిపోయింది.

అప్పుడు చూడల్ల.
హీరో, విలను, దర్శకుడు, లైటు బాయి,
ఎర్ర టవాళ్లు, పచ్చ టవాళ్లు
మోకాళ్ల మీద పడి కాగితం కాగితం తిప్పి చూడడం.
వెనక తెల్లగుందా, పారెయ్.
సుంకన్న రైట్ అనకుండానే ఉరికినాడు.
హీరో మోకాలికి నిజం నెత్తురొచ్చింది.
మూడు దినాలు లోకనాథ్ గొంతు చించుకోని అడిగిన మొగాలు
అన్నీ ఆడ ఉన్నాయి.
కెమెరాలో బ్యాటరీ అయిపోయుండె,
ఊర్లో కరెంటు లేకపాయె.

నాకు కనపడింది.
పగిలిన బండ సందులో, సగం.
కాలు పెట్టి నిలబడినా.
రెండుసార్లు సస్తిని,
ఒక్క సావుకన్నా కూలి ఇయ్యకపోతిరి అనుకున్నా.
పొద్దు గూకేదాకా ఆ కాలు ఎత్తలా.

పిల్ల రాసుకుంటాదని ఏరుకొచ్చిన జిరాక్సు నోట్లలోనే
దాన్నీ కలిపినా.
రాత్రి బుడ్డి దీపం ముందర కూడికలు చేస్తా
నా కూతురు ఒకటి తీసి పక్కన పెట్టింది.
“నాయనా, ఇది రెండు పక్కలా అచ్చుంది.
రాసుకునేకి పనికిరాదు.”

తెల్లారి పోయి హుస్సేనమ్మ చేతిలో పెట్టినా.
గల్లా తెరిస్తే ఆడ ఇంకో ఐదువందలు.
“నీకంటే ముందు ఆ డోన్ పిల్లోడొచ్చి ఇచ్చిపాయె.
చేతికి వాచీ లేదు” అనింది.
నాది నాకిస్తాదేమోనని కొంచేపు నిలబడినా.
ఆమె రెండూ కలిపి మడిచి లోపలేసి
సుద్దముక్క తీసుకోని బండ మీద రాసింది.
మూడు దినాల టీలు, బన్నులు, ఎనిమిది వందల నలభై.
ఐదువందలు పోను
మూడు వందల నలభై.

సినిమా యాడన్నా ఆడిందో లేదో తెలీదు.
వానొస్తే ఆ అంకె చెరిగిపోతాది.
ఆమె మళ్లా రాస్తాది.